రిలీవర్ లేని డ్యూటీ

ఉదయం ఏడు కొట్టక ముందే పెద్ద సిస్టర్ వార్డులో అడుగుపెట్టింది. ఆవిడకు ఒక పేరుంది, హాజరు పట్టీలో రాసి కూడా ఉంది. కానీ ముప్పై ఏళ్ళ సర్వీసులో అది ఎవరి నోటా నానక మరుగున పడిపోయింది. డాక్టర్ల దగ్గర్నుంచి నేల తుడిచే ఆయమ్మ దాకా అందరికీ ఆవిడ పెద్ద సిస్టరే. ఆఖరికి సొంత తమ్ముడు కూడా, "మా పెద్ద సిస్టర్ రౌండ్స్‌కి వస్తోంది, దుప్పట్లు సర్దండి" అని వెక్కిరిస్తూ ఉండేవాడు.

ఇరవై ఎనిమిది మంచాల వార్డు అది. రాత్రి డ్యూటీ వాళ్ళు దిగిపోయేటప్పుడు, పగటి డ్యూటీ వాళ్ళతో కలిసి ఒక్కో మంచం దగ్గరా ఆగి రోగిని ఒప్పజెప్పాలి. బల్ల దగ్గర కూర్చుని పుస్తకంలో చూసి గడగడా చదివేస్తే ఆవిడ ఒప్పుకోదు. రోగి వింటూ ఉండగానే చెప్పాలి. "వాళ్ళ ఒంటి సంగతి వాళ్ళకు తెలియకుండా మనం చెప్పుకోవడమేమిటి?" అంటుంది. ఈ హ్యాండోవర్ పూర్తయ్యేసరికి ముప్పావు గంట పడుతుంది, కాళ్ళు పీకుతాయి. అయినా ఎవరూ కిమ్మనరు.

ఆ రోజు పదకొండో నంబరు మంచం దగ్గరకు వచ్చేసరికి కొత్త సిస్టర్ మొహం పాలిపోయింది. డ్యూటీలో చేరి ఇంకా మూడు నెలలు కాలేదు ఆ అమ్మాయి. మంచం మీద తుంటి విరిగిన ముసలాయన. కదల్లేని మనిషి కాబట్టి రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, మార్చినప్పుడల్లా చార్టులో ఆ గంట గడిలో టిక్కు పెట్టాలి. నాలుగు గంటల గడి ఖాళీగా ఉంది.

"నాలుగింటికి తిప్పలేదు మేడమ్. అయిదో నంబరు పేషెంటుకి ఆయాసం వచ్చింది. అక్కడే ఉండిపోయి మర్చిపోయాను."

పెద్ద సిస్టర్ ముసలాయనను మెల్లగా పక్కకు ఒత్తిగిలించి, నడుము దగ్గర చర్మం మీద వేలు నొక్కి చూసింది. ఎర్రబడలేదు. దుప్పటి సర్ది అడిగింది.

"గడి ఖాళీగా ఎందుకు వదిలావు?"

"చెయ్యలేదు కదా మేడమ్."

"అదే మంచిది. ఖాళీ గడి కనిపిస్తే నేను ఆగి ఒళ్ళు చూస్తాను. నింపేసి ఉంటే ముందుకెళ్ళిపోతాను. తప్పు చేస్తే వచ్చి చెప్పండి, నేను తిట్టను. దాస్తే మాత్రం ఊరుకోను." అని అందరి వైపూ చూసింది. "ఇక ఇంటికెళ్ళి పడుకో."

"పగలు కూడా ఉంటాను మేడమ్. పగటి డ్యూటీ సీనియరక్కకి బాగోలేదట, ఆవిడ డ్యూటీ నేను చేస్తాను."

"పన్నెండు గంటలు నిలబడ్డావు. అలిసిపోయిన చేతికి నేను పేషెంటుని ఇవ్వను. పో."

ఇరవై రెండు మంది నర్సుల డ్యూటీ చార్టు వారం వారం ఆవిడే వేస్తుంది. ఎవరికి ఏ రోజు ఆఫ్, ఎవరి పిల్లలకు పరీక్షలు, ఎవరి నడుము నొప్పి ఎంతవరకూ వచ్చింది, అన్నీ ఆవిడ వేళ్ళ మీద ఉంటాయి. ఇంతటి మనిషి, ఇన్ని తెలిసిన మనిషి, సాయంత్రం నాలుగున్నరకు తన తమ్ముడి ఇంట్లో ఏం చేసిందో చెబితే ఆ వార్డులో ఎవరూ నమ్మరు.

పెద్ద సిస్టర్ ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఒంటరిగా ఉంటుంది. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే ఆవిడ డ్యూటీ మాట ఎత్తేది, అలా ఎత్తుతూ ఎత్తుతూ యాభై దాటేసింది. తమ్ముడు దూరప్రయాణం బస్సు డ్రైవరు. వారంలో అయిదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అతని ఒక్కగానొక్క కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఎనిమిది నెలల క్రితం అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దయిపోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో అమ్మను చూసుకుంటున్నది తమ్ముడి భార్య. చిన్నప్పటి ముద్దుపేరే పెద్దయ్యాక కూడా మిగిలిపోయిన మనిషి, చిట్టి.

అమ్మను ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజే పెద్ద సిస్టర్ ముందుగదిని చిన్న వార్డుగా మార్చేసింది. ఎత్తు మంచం, రబ్బరు షీటు, మందుల ట్రే, గోడకు చార్టు. "రెండు గంటలకోసారి తిప్పాలి చిట్టీ. వెల్లకిలా, కుడి, ఎడమ. రాత్రి కూడా. తిప్పగానే టిక్కు పెట్టాలి" అని చెప్పింది. చిట్టి తలూపింది. సాయానికి ఒక మనిషిని పెడదామని తమ్ముడు అంటే పెద్ద సిస్టరే ఒప్పుకోలేదు. అమ్మను పరాయి చేతుల్లో పెట్టడమేమిటని కసిరింది. అప్పటినుంచీ గురువారం, ఆదివారం వచ్చి చూసి పోతోంది. పోయిన ఆదివారం మాత్రం ఆస్పత్రిలో ఇన్‌స్పెక్షన్ ఉండి రాలేకపోయింది.

ఆ రోజు గురువారం. ఆవిడ వచ్చేసరికి చిట్టి తడి చేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది.

"రండి వదినా. టీ పెట్టనా?"

"ముందు అమ్మని చూడనీ."

చార్టు నిండా టిక్కులే. వారం రోజుల గడుల్లో ఒక్కటీ ఖాళీ లేదు. పెద్ద సిస్టర్ మనసు కుదుటపడింది. "ఇల్లయినా వార్డయినా పద్ధతి ప్రకారం పోతే పేచీ ఉండదు" అంటూ చేతులు కడుక్కుని వచ్చి, కుడివైపు తిరిగి పడుకుని ఉన్న అమ్మను ఒక్క ఊపులో ఎడమవైపు తిప్పింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. దవడ కండ బిగుసుకుంది. పెద్ద సిస్టర్ అది చూడలేదు, ఆవిడ చూపు అమ్మ కుడి తుంటి మీదుంది.

అక్కడ చర్మం నల్లబడి, మధ్యలో చిట్లి, తడిగా ఉంది.

ముప్పై ఏళ్ళుగా ఇలాంటివి ఎన్ని చూసిందో లెక్కలేదు. కానీ ఈసారి ఆవిడ మంచం పట్టె పట్టుకుంది. రెండు గంటలకోసారి పక్క మారిన ఒంటికి ఇలాంటి పుండు పడదు. గోడ వైపు చూసింది. ఆ రోజు వరసలో నాలుగు గంటల గడిలో టిక్కు ఉంది. ఆరు గంటల గడిలోనూ ఉంది, ఎనిమిది గంటల గడిలోనూ ఉంది. అప్పటికి టైము అయిదు కూడా కాలేదు.

"చిట్టీ!"

ఆ కేకకు లోపలి గదిలో నిద్రపోతున్న తమ్ముడు లేచి వచ్చాడు. మధ్యాహ్నమే రూటు నుంచి దిగి పడుకున్న మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"ఏమైందో నీ పెళ్ళాన్ని అడుగు. ఇంకా రాని టైముకి టిక్కులు పెట్టింది. ఎనిమిది గంటలకి అమ్మని తిప్పేసిందట, అయిదు కాకుండానే! ఇటొచ్చి చూడు, అమ్మ ఒంటికి ఏం పట్టిందో."

తమ్ముడు చూసి మొహం తిప్పుకున్నాడు. చిట్టి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నావు ఇలా?" పెద్ద సిస్టర్ చార్టు వైపు వేలు చూపించింది. "నిన్నే అడుగుతున్నాను."

"తప్పయిపోయింది వదినా."

"తప్పా? మర్చిపోవడం తప్పు. ఇది మోసం. నిన్ను నమ్మి అమ్మని నీ చేతుల్లో పెట్టాను. నా వార్డులో ఎవరైనా ఈ పని చేసుంటే ఆ పూటే బయటికి పంపించేదాన్ని."

మంచం మీద అమ్మ ఏదో అంది. మాటలు ముద్దలు ముద్దలుగా వచ్చాయి. కుడిచెయ్యి దుప్పటి మీద కొట్టుకుంది.

"నువ్వు ఊరుకో అమ్మా, ఆయాసపడకు" అని పెద్ద సిస్టర్ ఆ చెయ్యి పట్టుకుని దుప్పటి కింద పెట్టేసింది.

"అక్కా, కాస్త నెమ్మదిగా. ఎనిమిది నెలల నుంచి చేస్తోంది. మనిషిని పెడదామని నేనంటే నువ్వే కదా..."

"నోరు ముయ్యరా. మనిషిని పెడితే ఆ మనిషి కూడా ఇలాగే టిక్కులు పెట్టేది. రేపు పొద్దున ఆంబులెన్స్ తీసుకొస్తాను. అమ్మని నా వార్డులో చేర్చుకుంటాను. మళ్ళీ ఈ ఇంటికి పంపించేది లేదు."

"పంపించకపోతే ఆ తర్వాతెక్కడ ఉంచుతావు?"

"నా క్వార్టర్స్‌లో. నా దగ్గర. మీరిద్దరూ హాయిగా ఉండండి."

ఆ మాటతో అమ్మ కుడి కంట్లోంచి నీళ్ళు జారి దిండులో ఇంకిపోయాయి. చిట్టి మారు మాట్లాడలేదు. నేనేం చెయ్యను, ఒక్కదాన్ని కదా అనలేదు, ఏడవలేదు కూడా. పెద్ద సిస్టర్‌కు ఆ మౌనం మరింత మంట పుట్టించింది. పుండు శుభ్రం చేసి, మందు వేసి, కట్టు కట్టింది. చేతులు మాత్రం ఎప్పట్లాగే మెత్తగా, తొందర లేకుండా పని చేశాయి. టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

మర్నాడు పది గంటలకు ఆంబులెన్స్ ఇంటి ముందు ఆగింది. పెద్ద సిస్టర్, డ్రైవరు, స్ట్రెచర్ పట్టే మనిషి, వాళ్ళతో పాటు కొత్త సిస్టర్ దిగారు. ఆ అమ్మాయికి ఆ రోజు పగటి డ్యూటీ పడింది. తమ్ముడు వాకిట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాడు, అక్కను పలకరించలేదు. అక్క కూడా తమ్ముణ్ణి పలకరించలేదు.

గదిలో అమ్మ బట్టలు చిట్టి సంచిలో సర్దేసి, జుట్టు దువ్వి, సిద్ధం చేసి ఉంచింది. చిట్టి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. స్ట్రెచర్ మనిషి మంచం దగ్గరకు రాబోతే పెద్ద సిస్టర్ చెయ్యెత్తి ఆపింది. ఎంత కోపంలో ఉన్నా పద్ధతి పద్ధతే. చూసుకున్నవాళ్ళ దగ్గర హ్యాండోవర్ తీసుకోకుండా రోగిని కదపడం ఆవిడ ఎరగదు. కానీ చిట్టి మొహం చూడ్డం ఆవిడకు ఇష్టం లేదు.

"హ్యాండోవర్ తీసుకో" అని కొత్త సిస్టర్‌తో అని, తను కిటికీ దగ్గరకు వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడింది.

కొత్త సిస్టర్ కాగితం, పెన్ను తీసింది. "చెప్పండక్కా."

"నేనేం చెప్పాలమ్మా? నాకేం తెలుసు, చదువుకున్నదాన్నా?"

"అమ్మగారి గురించి మీకు తెలిసింది చెప్పండి చాలు. ఇక్కడే ఆవిడ పక్కన నిలబడి చెప్పండి. తప్పయితే ఆవిడే సరిదిద్దుతారు."

చిట్టి వంగి అమ్మ కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని మెల్లగా మొదలుపెట్టింది.

"ఉత్త నీళ్ళు ఇస్తే పొలమారుతుందమ్మా. కొంచెం చిక్కగా ఉన్నదేదైనా చెంచాతో ఇవ్వాలి. అన్నం మెత్తగా పిసికి కుడి బుగ్గలో పెట్టాలి. ఎడమ బుగ్గలో మెతుకులు ఉండిపోయినా ఆవిడకి తెలీదు, తిన్నాక వేలు పెట్టి తీసెయ్యాలి. చిన్న తెల్లమాత్ర చేదని నాలిక కింద దాచేసుకుంటారు, అరటిపండులో పెడితే మింగేస్తారు. అలా పెడుతున్నానని ఆవిడకి తెలుసు, తెలియనట్టు ఉంటారు."

అమ్మ పెదవి కుడివైపు కొంచెం వంగింది. నవ్వే అది. కొత్త సిస్టర్ కూడా నవ్వి రాసుకుంది.

"బాత్రూమ్ అవసరమైతే వేలితో మంచం మీద రెండుసార్లు తడతారు. దాహమేస్తే మూడుసార్లు. మగవాళ్ళెవరైనా గదిలో ఉంటే తట్టరు, బిగపట్టుకుంటారు. మనమే వాళ్ళని బయటికి పంపి అడగాలి. గోడ వైపు చూస్తున్నారంటే మనసు బాగోలేదని. అప్పుడు పలకరిస్తే ఏడుస్తారు, ఊరికే పక్కన కూర్చుంటే సర్దుకుంటారు. తెల్లవారుజామున, ఎప్పుడో చనిపోయిన వాళ్ళ చెల్లెల్ని పిలుస్తారు. నేను 'ఆ, ఇక్కడే ఉన్నా' అంటాను. అబద్ధమే అనుకోండి, కానీ నిద్రపోతారు."

కొత్త సిస్టర్ కాగితం తిప్పి రెండో వైపు రాయడం మొదలుపెట్టింది.

కిటికీ దగ్గర పెద్ద సిస్టర్ కదల్లేదు. ఎన్ని వేల హ్యాండోవర్లు విని ఉంటుంది! ఇలాంటిది వినలేదు. అమ్మ వేలు మంచం మీద తడుతూ ఉండటం తను చాలాసార్లు చూసింది. జబ్బువల్ల వేలు అదురుతోందనుకుంది. నిన్న కూడా ఆ చేతినే దుప్పటి కింద పెట్టేసింది. చిట్టి చెప్పినవాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా ఈ అమ్మ కడుపున పుట్టిన తనకు తెలియదు.

"రాత్రి డ్యూటీ ఎవరిదక్కా?" కొత్త సిస్టర్ తల ఎత్తకుండానే అడిగింది. "రాత్రి సంగతులు ఆ రిలీవర్‌ని అడిగి రాసుకుంటాను."

"రిలీవర్ అంటే?"

"మీరు దిగాక మీ బదులు చూసేవాళ్ళు."

"నా బదులెవరున్నారమ్మా? రాత్రి కూడా నేనే."

"మరి మీ ఆఫ్ రోజున?"

చిట్టి అర్థం కానట్టు చూసింది. "ఆఫ్ ఏంటి?"

కొత్త సిస్టర్ పెన్ను ఆగిపోయింది. కిటికీ వైపు ఒకసారి చూసి గబుక్కున తల దించేసుకుంది. ఆ చూపు పెద్ద సిస్టర్ వీపుకు తగిలింది. వెనక్కి తిరగకుండానే తెలిసింది ఆవిడకు.

"ఎనిమిది నెలలుగా ఒక్కరోజు కూడా..." అంది కొత్త సిస్టర్.

"ఆయన ఇంట్లో ఉన్నప్పుడు బజారుకి వెళ్ళొస్తాను. అంతే. పోయిన నెల హాస్టల్లో పెద్దవాళ్ళని రమ్మన్నారు, అందరి అమ్మలూ వచ్చారట. పాప ఫోన్లో ఏడ్చింది. పోయిన వారం మాత్రం నాకు జ్వరం వచ్చిందమ్మా. ఆయన రూటులో ఉన్నారు. నాలుగు రోజులు ఈవిణ్ణి ఎత్తి తిప్పే ఓపిక లేకపోయింది. నేలమీద పక్కనే పడుకుని చెంచాతో జావ మాత్రం పట్టాను. అప్పుడే అలా అయింది. వదినకి చెబుదామంటే ఇన్‌స్పెక్షన్ అన్నారు. అయినా తప్పు తప్పే. అది కూడా రాసుకో."

"ఒంట్లో బాగోలేని నాలుగు రోజులు సరే. పుండు కుడివైపే ఉంది కదా. మామూలు రోజుల్లో ఎడమవైపు తిప్పితే ఎలా ఉంటారక్కా?"

చిట్టి అమ్మ వైపు చూసింది. అమ్మ కుడిచెయ్యి విదిలించుకుని మంచం మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. ఏదో అంది. మళ్ళీ అంది.

"ఏమంటున్నారక్కా?"

"ఏం లేదులే" అంది చిట్టి.

పెద్ద సిస్టర్ వెనక్కి తిరిగింది. "ఏమంటోంది? చెప్పు."

అమ్మ కూతురి కళ్ళల్లోకి సూటిగా చూస్తూ అదే మాట మూడోసారి అంది. పెద్ద సిస్టర్‌కు ఒక్క అక్షరం అర్థం కాలేదు. కన్నతల్లి మాట మరదలు చెబితేగానీ తెలియని స్థితిలో ఆవిడ నిలబడి ఉంది.

"చిట్టీ, నీ కాళ్ళు పట్టుకుంటా. చెప్పు."

"అయ్యో, అంత మాట వద్దు వదినా." చిట్టి కళ్ళొత్తుకుంది. "'రాయమన్నది నేనే' అంటున్నారు. ఎడమవైపు పడుకుంటే ఆ భుజం ఊడొచ్చినట్టు ఉంటుందట. తిప్పబోతే చేతులు జోడించినట్టు నా చెయ్యి పట్టుకునేవారు. చూడలేక వెల్లకిలా, కుడిపక్క, అంతే తిప్పేదాన్ని. మీరొచ్చే రోజుల్లో మాత్రం పళ్ళు బిగపట్టుకుని ఓర్చుకునేవారు. చార్టు ఖాళీగా ఉంటే మీకు తెలిసిపోతుందని ముందే నింపేసెయ్యమన్నారు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

"నాకెందుకు చెప్పొద్దంది? నేను నర్సుని కదా. నాకు కాక ఎవరికి చెప్పాలి?"

చిట్టి తల వంచుకుంది. అమ్మ కళ్ళు మూసుకుంది.

"చెప్పు చిట్టీ."

"ఇంటికి తెచ్చిన రెండో వారంలో మీరు ఎడమవైపు తిప్పినప్పుడు ఏడ్చారు కదా వదినా. అప్పుడు మీరు, 'చిన్నపిల్లలా ఏడవకు. నీ ఒంటిమీద పుండు పడితే రేపు నా వార్డులో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?' అన్నారు."

అన్నదా? అంది. ఆ రోజు వార్డులో ఇద్దరు సిస్టర్లు రాక, తను రెండు మంచాల మధ్య పరిగెత్తి పరిగెత్తి వచ్చింది. విసుగులో అనేసి మరుక్షణం మర్చిపోయిన మాట. అమ్మ మర్చిపోలేదు. కూతురి పరువు కోసం ఎనిమిది నెలలు నొప్పిని నోట్లోనే నొక్కేసుకుంది.

పెద్ద సిస్టర్ మంచం దగ్గరకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మ ఎడమ భుజం మీద రెండు వేళ్ళు పెట్టి తడిమింది. కీలు దగ్గర వాపు, వేడి, చెయ్యి బరువుకు కిందికి జారిన ఎముక. కొత్త సిస్టర్ కూడా పట్టేయగలిగిన సంగతి ఇది. వార్డులో ఏ రోగి ఏడ్చినా ఆవిడ ముందు అడిగే మాట "ఎక్కడ నొప్పి?" అని. ఆ ఒక్క మాట అడిగి ఉంటే, భుజాన్ని కాస్త ముందుకు లాగి కింద దిండు పెట్టి ఉంటే, ఈ ఎనిమిది నెలలూ అమ్మ ఎడమవైపు కూడా పడుకునేది. ఈ పుండు పడేది కాదు.

"నాకు సిగ్గుగా ఉంది అమ్మా" అంది. "ఊళ్ళోవాళ్ళ పిల్లలు తప్పు చేసి వచ్చి చెబితే మెచ్చుకుంటాను. నా ఇంట్లో మీరెవరూ నాకు నిజం చెప్పలేని దాన్నయ్యాను."

కొత్త సిస్టర్ తలుపు వైపు నడవబోయింది. పెద్ద సిస్టర్ ఆపింది. "ఉండమ్మా. విను. నీకూ తెలియాలి."

చిట్టి చెయ్యి పట్టుకుని లేచింది. ఆ చెయ్యి గరుకుగా ఉంది. ఎనిమిది నెలలు ఉతుకుతూ, తోముతూ, ఎత్తుతూ ఉన్న చెయ్యి.

"పన్నెండు గంటలు నిలబడిన నర్సుని ఇంటికి పంపించేస్తాను చిట్టీ, పేషెంటుకి ప్రమాదమని. నిన్ను ఎనిమిది నెలలు నిలబెట్టాను. తమ్ముడు సాయానికి మనిషిని పెడదామన్నా పెట్టనివ్వలేదు. నీకు చార్టు ఇచ్చాను గానీ ఆఫ్ ఇవ్వలేదు. జ్వరం వచ్చిన నర్సుకి బదులు మనిషిని చూడాల్సింది ఎవరు? ఇన్‌ఛార్జి. ఆ ఇన్‌ఛార్జిని నేనే. నీ మీద వేసిన తప్పు నాది."

"అలా అనకండి వదినా. ఆవిడ నాకూ అమ్మే కదా."

"అందుకే నీ నోరు లేవలేదు. నిన్న ఒక్క మాట చెప్పుంటే నువ్వు బయటపడేదానివి. అమ్మ ఇరుకున పడుతుందని నువ్వు మాటలు పడ్డావు."

వాకిట్లో నిలబడ్డ తమ్ముడు ఎప్పుడు వచ్చాడో గుమ్మంలో ఉన్నాడు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

పెద్ద సిస్టర్ అమ్మ వైపు వంగింది. "అమ్మా, నిన్ను అడగకుండానే బండి తెచ్చేశాను. ఇప్పుడు అడుగుతున్నాను. వార్డుకొస్తావా? ఇక్కడే ఉంటావా? ఈ పుండుకి ఇక్కడైనా వైద్యం చెయ్యొచ్చు, నేను చేస్తాను. నువ్వెలా అంటే అలా."

ఈసారి చిట్టి చెప్పనక్కర్లేకపోయింది. అమ్మ కుడిచెయ్యి చాచి చిట్టి చెంగు పట్టుకుంది.

ఆంబులెన్స్ ఖాళీగా వెనక్కి వెళ్ళింది. దాంతోపాటు కొత్త సిస్టర్ చేతిలో సూపరింటెండెంటుకు ఒక చీటీ వెళ్ళింది, పదిహేను రోజులు సెలవు కావాలని. వెళ్ళే ముందు ఆ అమ్మాయి రాసిన కాగితం ఇవ్వబోతే, పెద్ద సిస్టర్ ముందు తనే హ్యాండోవర్ తీసుకున్నట్టు కింద సంతకం పెట్టి, ఆ తర్వాత తీసుకుంది.

"వీడు నిన్ను పాప హాస్టల్‌కి తీసుకెళ్తాడు" అంది చిట్టితో. "రెండు రోజులు దాని దగ్గరే ఉండు. ఆ తర్వాత మీ అమ్మావాళ్ళింటికి వెళ్ళు. నిద్రపో, కడుపునిండా తిను. నువ్వొచ్చేసరికి సాయానికి ఒక మనిషిని చూసి ఉంచుతాను. వారానికి రెండు రోజులు నేను చూసుకుంటాను. రౌండ్స్‌కి కాదు, డ్యూటీకే వస్తాను."

"పదిహేను రోజులా? మీకు అన్నీ తెలియవు వదినా. పాలు మరీ వేడిగా ఇస్తే..."

"రాసుంది. రాయనిది అమ్మని అడుగుతాను."

"ఆవిడ మాట మీకు అర్థం కాదు కదా!"

"నేర్చుకుంటాను."

చిట్టి చెప్పులు వేసుకుని కూడా రెండుసార్లు లోపలికి వచ్చింది. ఒకసారి దువ్వెన ఎక్కడుందో చెప్పడానికి, ఇంకోసారి ఏమీ చెప్పకుండా ఊరికే అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి వెళ్ళడానికి. తమ్ముడు వాకిట్లోంచి కేకేశాడు. "రావే తల్లీ, నా బస్సులో కూడా ఇన్నిసార్లు ఎక్కి దిగేవాళ్ళని చూళ్ళేదు." ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో ఎవరో నవ్వినట్టనిపించింది పెద్ద సిస్టర్‌కు.

మధ్యాహ్నం రెండైంది. పక్క మార్చే వేళ. పెద్ద సిస్టర్ తొందరపడలేదు. అమ్మ భుజం కింద చెయ్యి పెట్టి, ఎముకను మెల్లగా ముందుకు తెచ్చి, దిండు అమర్చి, అంగుళం అంగుళంగా ఎడమవైపు ఒత్తిగిలించింది. పాత అలవాటే, అమ్మ కళ్ళు మూసుకుంది. దవడ బిగుసుకుంది. ఈసారి ఆవిడ చూసింది.

"బిగపట్టకు అమ్మా. నొప్పి పుడితే ఏడు. నేనేం అనను."

అమ్మ కళ్ళు తెరిచి నమ్మీ నమ్మనట్టు కూతుర్ని చూసింది. దవడ సడలింది. ముందు పెదవి వణికింది, తర్వాత చిన్నపిల్లలా గొంతెత్తి, వీధిలోకి వినిపించేలా ఏడ్చింది. పెద్ద సిస్టర్ ఆపమనలేదు. ఆ భుజాన్ని రెండు చేతులా పదిలంగా పట్టుకుని, "ఎక్కడమ్మా? ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతూ తనూ ఏడుస్తూ కూర్చుంది.